తొమ్మిదో టవరు మీద గూడు

కార్తీక శుద్ధ దశమి

ఇది లాకుల ఆఫీసుకు ఇచ్చే పుస్తకం కాదు. అందులో పిట్ట పేరు, ఎన్ని, ఉంది, లేదు. అంతకు మించి ఒక్క ముక్క రాయనివ్వరు. ఇది నా సొంత పుస్తకం. మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. రాత వంకరగానే ఉంటుంది. కష్టమనిపించినవాళ్లు చదవడం మానుకోవచ్చు.

నా పేరు నాంచారయ్య. డెబ్బయి నాలుగేళ్లు. కొల్లేరు పడమటి గట్టుకు చూపరిని. పద్దెనిమిదేళ్లుగా ఈ పని నాదే. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా సరస్సులో ఏ పిట్ట ఉందో తెలియాలంటే నా పుస్తకమే చూడాలి.

పొద్దున లేచి, ఇంటి కప్పు మీద ఎండ పలకలకు అంటిన రెట్టలు కడిగాను. రెట్టలుంటే రాత్రి దీపం వెలగదు. ఇంటిని నీటి మీద తేల్చే డ్రమ్ములు పన్నెండూ తట్టి చూశాను. వంటగది మూల డ్రమ్ములోకి నీళ్లు చేరాయి. మూడు రోజులుగా వంటగది వాలిపోయి ఉంది. పులుసంతా గిన్నెలో ఒక పక్కకే పోతోందని నా భార్య పేరంటాలు గొణుగుతోంది. డ్రమ్ము మార్చి మంచె ఎక్కాను.

పరజ బాతులు దిగాయి. ఈలలను బట్టి రెండు వందలకు తక్కువ ఉండవు. బొల్లికోళ్లు ఉత్తర మూల నల్లగా పరుచుకున్నాయి. గూడబాతులు ముప్పై ఒకటి.

తూర్పు గట్టు చూపరి బుల్లియ్య. పేరంటాలు తమ్ముడు, నా బావమరిది. పరజకూ బొల్లికోడికీ తేడా తెలియని రోజుల్లో వాణ్ణి పడవలో కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది నేను. పోయిన ఎండాకాలం వాడు ఏలూరు వెళ్లి కొత్త కళ్లు పెట్టించుకుని వచ్చాడు. వాడి ఒంట్లోంచి గోరంత కండ తీసి, కుండీలో మొక్కను పెంచినట్టు పెంచి, కళ్లు చేసి పెట్టారట. చూపరికి ఇది కుదరదని నేను లాకుల ఆఫీసుకు వెళ్లి చెప్పాను. బ్యాటరీ ఉన్నదేదీ పెట్టుకుని చూపరి పిట్టలను చూడకూడదని కదా రూలు? లాకుల అధికారి షకీలమ్మ నవ్వింది. "అది కండే కదా బాబాయ్, అందులో బ్యాటరీ ఎక్కడుంది?" అంది.

వెళ్లినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.


మార్గశిర బహుళ విదియ

లాకుల దగ్గర ఒక నల్లరాతి పలక ఉంది. కనపడకుండా పోయిన పిట్ట మళ్లీ కొల్లేరుకు వస్తే, ముందు చూసినవాడి పేరు దాని మీద చెక్కుతారు. నా పేరు నాలుగు చోట్ల ఉంది. బుల్లియ్య పేరు మూడు చోట్ల. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈ రోజు మధ్యాహ్నం వాడు భోజనానికి వచ్చాడు. పేరంటాలు కొర్రమీను పులుసు పెట్టింది. వాడి మొహం దీపం పెట్టినట్టుంది.

"ఏరా తమ్ముడూ, మొకం అలా ఎలిగిపోతందేంటి? ఏంటి సంగతి?" అని అడిగింది.

"ఏం లేదక్కా. పులుసు బాగుంది."

"పులుసుకి ఎవడి మొకవూ అలా ఎలగదురా."

"వాడి నోరు నువ్వెందుకు తెరిపిస్తావే?" అన్నాను. "ఒక్క మాట జారితే ఇద్దరి పుస్తకాలూ నీళ్లలో పారేస్తారు."

చూపరులిద్దరూ పిట్టల గురించి ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పెళ్లిళ్లు మాట్లాడుకోవచ్చు, చావులు మాట్లాడుకోవచ్చు, పిట్టలు మాత్రం కూడదు. మాట్లాడుకుంటే ఇద్దరూ కూడబలుక్కుని రాస్తారని భయం. భయం ఉండాల్సిందే. యంత్రం తీసిన బొమ్మను నమ్మిన రోజుల్లో ఒక కాంట్రాక్టరు లేని రాజహంసలను పదివేలు చూపించాడు. పిట్టలు బాగున్నాయి కదా అని సగం సరస్సు వాడికి ఇచ్చేశారు. అప్పటి నుంచి మనిషి కన్ను, మనిషి చేతి రాత తప్ప ఇంకేదీ చెల్లదు.

"పిట్టల మాట కాదులే బావా," అన్నాడు బుల్లియ్య. "కళ్లు కొత్తవయ్యాక అన్నం మెతుకులు కూడా దేనికది కనిపిత్తన్నాయి."

"లెక్కపెట్టుకుంటూ తిను," అన్నాను.

వాడు నవ్వాడు. నా మాటకు నవ్వలేదు. లోపల ఇంకేదో ఉంది, దానికి నవ్వాడు. వాడు వెళ్లాక మంచె ఎక్కి, పొద్దుగూకేవరకు సరస్సంతా వెతికాను. వాడు చూసింది నాకు దొరకలేదు.


పుష్య శుద్ధ నవమి

మంచు. పరజలు నూట నలభై. తెడ్డుమూతి కొంగలు ఏడు. ఎనిమిది కూడా కావచ్చు. పుస్తకంలో ఏడే వేశాను.

నా దుర్భిణిలోకి తేమ చేరింది. నెల నుంచి చెబుతున్నాను. ఎటు తిప్పినా పాల మీగడ అడ్డం వచ్చినట్టుంది. బాగు చేయించమని షకీలమ్మకు పంపాను. ఈ రోజు తనే పడవలో తెచ్చింది.

"ఇందులో తేమ లేదు బాబాయ్. విప్పి చూశాం. శుభ్రంగా ఉంది."

"అయితే గాజు అరిగిపోయింది."

"గాజు అరగదు బాబాయ్."

"అన్నీ అరుగుతాయమ్మా. నీ వయసుకు తెలియదు."

ఆ పిల్ల దుర్భిణి నా చేతికిచ్చింది. మంచెకు కట్టిన నిచ్చెన మెట్టు ఒకటి ఊగుతుంటే బిగించి వెళ్లింది. మంచిదే. కాకపోతే బుల్లియ్య మంచెకు ఇనప నిచ్చెన వేయించింది, నాకు వెదురుది. ఆ సంగతి కూడా నాకు గుర్తుంది.


పుష్య బహుళ ద్వాదశి

షకీలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలో రెండు పుస్తకాలూ ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ ఇద్దరి పుస్తకాలూ కలవడం లేదు బాబాయ్. జోడు చూపు పెట్టాలి."

పద్దెనిమిదేళ్లలో జోడు చూపు రెండే సార్లు జరిగింది. చూపరులిద్దర్నీ ఒకే మంచె మీద నిలబెట్టి, ఒకే చోటు చూపించి, చెరో చీటీ రాయిస్తారు. రెండు చీటీలూ కలిస్తే అదే మాట ఖాయం. మళ్లీ తేడా వస్తే పులికాట్ నుంచి మూడో చూపరిని పిలిపిస్తారు. తప్పు ఎవరిదో అతను తేలుస్తాడు. తప్పు రాసినవాడు ఆ రోజే మంచె దిగాలి.

"దేని గురించి?" అని అడిగాను.

"జోడు చూపుకు పేరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఎర్రకాళ్ల కొంగ. తొమ్మిదో టవరు మీద గూడు."

డ్రమ్ముకు తీగ బిగిస్తున్న పట్టకారు కింద పెట్టేశాను.

సరస్సు నడుమ కరెంటు టవర్లు ఇరవై ఉన్నాయి. చేపల చెరువుల కాలంలో వేసినవి. ఒరిగిపోయి, బురదలో కూరుకుని, ఇప్పుడు తలలు మాత్రమే పైకి ఉన్నాయి. రెండు గట్లకూ అవి సమాన దూరం. ఎర్రకాళ్ల కొంగ ఇక్కడ గూడు కట్టి పంతొమ్మిదేళ్లయింది. ఆఖరి గూడు చూసింది నేను. అప్పటికి చూపరి ఉద్యోగమే లేదు. చేపల వలతో వెళ్లి చూశాను. ఆ కొంగ తిరిగి వస్తే చెప్పవలసింది నేను. నిన్న గాక మొన్న కళ్లు మొలిచిన బుల్లియ్య చెబుతాడా?

"లేదు," అన్నాను. "ప్రతి వారం చూస్తున్నాను. తొమ్మిదో టవరు మీద ఇనుము తప్ప ఏమీ లేదు."

"ఇప్పుడు చెప్పకండి బాబాయ్. ఆ రోజు చీటీ మీద రాయండి." పడవ ఎక్కబోతూ ఆగింది. "మాఘ పౌర్ణమికి లాకులు ఎత్తాలి. గూడు లేకపోతేనే ఎత్తుతాను. ఉంటే పిల్లలు ఎగిరేదాకా మూసే ఉంచాలి. ఆ సంగతి మీకు తెలుసు."

తెలుసు. లాకులు ఎత్తితే నీరు సముద్రానికి పోయి సరస్సు సగం బయటపడుతుంది. ఆ బురదలో జనం వరి చల్లుకుంటారు. అదే బురద మీద కుక్కలు టవర్ల దాకా నడిచి వెళతాయి. నాలుగేళ్ల కిందట నీటికాకుల గూళ్ల కింద ఏం మిగిలిందో నేనే ఏరి బుట్టలో వేశాను. లేని గూడు కోసం జనం వరి ఆపడం తప్పు. ఉన్న గూడు మీదకు కుక్కలను తోలడం ఇంకా తప్పు.


మాఘ శుద్ధ పంచమి

జోడు చూపు అయింది. గెలిచాను.

నడిమి మంచె మీద ఇద్దరం నిలబడ్డాం. ఎండ బాగా ఉంది. మంచు వంక పెట్టడానికి ఎవరికీ వీలు లేదు. షకీలమ్మ తన దుర్భిణి ఇచ్చింది. తొమ్మిదో టవరు చూశాను. తెల్లటి వెలుగులో బూడిద రంగు గీతలు. అంతే. రెండోసారి చూడలేదు. దుర్భిణి బుల్లియ్యకు ఇస్తే వాడు వద్దన్నాడు. ఒట్టి కళ్లతో చూశాడు. టవరును కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఏ దిక్కుకు తిరిగి ఉన్నానో, నా కళ్లు ఎక్కడ ఆగాయో చూశాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో నాకు తెలుస్తూనే ఉంది.

ఒకరికొకరం వీపు తిప్పి కూర్చున్నాం. నేను వెంటనే రాసేశాను. వాడి కలం చాలాసేపు కదల్లేదు.

షకీలమ్మ రెండు చీటీలూ విప్పింది. నా చీటీలో ‘లేదు’ అని ఉంది. బుల్లియ్య చీటీలో కూడా ‘లేదు’ అనే ఉంది.

"మీ పుస్తకంలో ఉంది అని రాశారు కదండీ?" అంది వాడితో.

"పొరబాటమ్మా. గాలికి కొట్టుకొచ్చిన గుడ్డపేలిక ఏదో ఇనుముకి పట్టుకుంది. గూడనుకున్నా."

"కొత్త కళ్లు కదా, అలవాటు పడాలి," అన్నాను నేను.

"అవును బావా," అన్నాడు.

తల ఎత్తలేదు. వెనక్కి వచ్చేటప్పుడు నా పడవ ముందు, వాడి పడవ వెనక. ఇంటికి వచ్చి పేరంటాలు చేత బెల్లం అన్నం వండించుకుని తిన్నాను.


మాఘ శుద్ధ సప్తమి

రెండు రోజులుగా బెల్లం అన్నం సంగతే పేరంటాలు ఎత్తుతోంది.

"అంత సంబరం దేనికయ్యా? ఆడు రెండ్రోజుల్నుంచి అన్నం ముట్టలేదంట."

"ఓడినవాడికి అన్నం ఎలా దిగుతుంది?"

"మా తమ్ముడు గుడ్డపేలిక సూసి గూడనుకున్నాడంటే నువ్వు నమ్ముతున్నావా?"

"వాడే చెప్పాడు కదే."

"ఆడు చెప్పాడులే. గుడ్డపేలికకీ గూటికీ తేడా తెలవనోడికి ఇన్నేళ్లు నువ్వేం నేర్పినట్టు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేను నేర్పినవాడు అంత గుడ్డిగా చూడడు. అది నిజం. అయినా ఆ పేలికేదో తెచ్చి దీని ముందు పడేద్దామని మధ్యాహ్నం పడవ తీశాను. జోడు చూపు అయిపోయింది కాబట్టి టవరు దగ్గరికి వెళ్లడం తప్పు కాదు.

ఎనిమిదో టవరు దాటగానే వాసన వచ్చింది. పచ్చి చేపలు, రెట్టలు కలిసిన వాసన. పిట్ట ఊరికే వచ్చి వాలి పోయే చోట ఆ వాసన రాదు. తెడ్డు ఆపాను.

టకటకటకటక.

రెండు పొడుగాటి చెక్కలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్న చప్పుడు. ఎర్రకాళ్ల కొంగ జత కలిసినప్పుడు ముక్కులు అలా ఆడిస్తుంది. పంతొమ్మిదేళ్లయింది ఆ చప్పుడు విని. దాని వెనకే సన్నగా, గరుకుగా పిల్లల అరుపులు. ఒకటి కాదు. ఒకటి ఆగితే ఇంకొకటి, అది ఆగకముందే మూడోది. నా భుజం మీద ఏదో మెత్తగా పడింది. తీసి చూశాను. సగం అరిగిన జెల్ల చేప.

పడవలో లేచి నిలబడి టవరు చువ్వ పట్టుకుని చెయ్యి పైకి చాపాను. పుల్లలు తగిలాయి. ఎండిన తుంగ, తడి ఆకు. వెంటనే మణికట్టు మీద పొడుపు. రక్తం వచ్చింది. అప్పుడు మొహం దగ్గరగా పెట్టాను. మూరెడు దూరంలో కనిపించింది. పసుపు ముక్కు, నారింజ రంగు బట్టతల, రెక్క మీద నలుపూ తెలుపూ మెలికలు, తోక దగ్గర గులాబీ రంగు. నన్ను తిట్టినట్టు చూస్తోంది.

పడవ వెనక్కి తిప్పి తెడ్డు వేశాను. పది పడవల దూరం వచ్చి వెనక్కి చూశాను. తెల్లటి వెలుగు. బూడిద రంగు గీతలు. ఇంకేమీ లేదు. చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఇంటికి రాలేదు. అటు నుంచి అటే తూర్పు గట్టుకు వెళ్లాను. బుల్లియ్య మంచె కింద తాడు పేనుతున్నాడు. నా మణికట్టు చూసి లేచాడు.

"రగతం ఏంటి బావా?"

"నీ గుడ్డపేలిక పొడిచింది."

వాడు చేతిలో తాడు కింద పడేశాడు.

"చీటీ మీద ఎందుకు లేదన్నావురా?"

"పిట్టల మాట మనం..."

"రూలు తీసుకెళ్లి నీళ్లలో పారెయ్. ఎందుకన్నావు?"

"ఉంది అని రాత్తే పులికాట్ ఆయనొత్తాడు బావా. ఆయన సూత్తాడు. పదిమందిలో నిన్ను మంచె దింపుతారు. నాకు పిట్టని సూపింది నువ్వు. నా సేత్తో నిన్నెలా దింపను?"

"మరి పిల్లలు?"

"రెండ్రోజుల్నుంచి అదే..." అని మొహం తిప్పుకున్నాడు. ఆ కొత్త కళ్లలోంచి కూడా నీళ్లు వస్తాయని అప్పుడే చూశాను. దగ్గరగా ఉన్నాడు కాబట్టి కనిపించింది.

వాణ్ణి కొట్టాలనిపించింది. చూపులో నన్ను దాటాడు. సరే, ఏలూరు కళ్లు, వాడి గొప్పేం లేదు. ఇప్పుడు పెద్దమనసులో కూడా దాటుతాడా? పంతొమ్మిదేళ్లకు వచ్చిన కొంగను, పలక మీద తన పేరును, తన మాటను, అన్నిటినీ నా కోసం వదిలేసి తాడు పేనుకుంటూ కూర్చుంటాడా? ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుంది కదా. చచ్చేదాకా నేను వాడి దయ మీద మంచె ఎక్కాలి. అంతకంటే నీళ్లలో దూకడం నయం.

"ఏరా, నాకు దానం చేసేటంతటివాడివయ్యావా?" అన్నాను.

"అలా కాదు బావా..."

"నోరు మూసుకుని తాడు పేను."


మాఘ శుద్ధ అష్టమి

పొద్దున్నే లాకుల ఆఫీసుకు వెళ్లాను. షకీలమ్మ తాళం తీస్తోంది. నా పుస్తకం, దుర్భిణి బల్ల మీద పెట్టాను.

"నాకు కళ్లు కనపడడం లేదు. పది పడవల దూరం దాటితే కొంగకూ ఇనుముకూ తేడా తెలియడం లేదు. ఎప్పటి నుంచో చెప్పలేను. నిన్నటిదాకా నాకే చెప్పుకోలేదు. రాసుకో."

ఆ పిల్ల రాయలేదు. "కూర్చోండి బాబాయ్," అంది.

"కూర్చోను. రూలు నాకు నోటికి వచ్చు. చూపు లేనివాడు చేసిన జోడు చూపు చెల్లదు. వాడి పుస్తకంలో ఆ ఏడాది రాతలన్నీ కొట్టేయాలి. కొత్త మనిషి వచ్చేదాకా రెండోవాడి పుస్తకమే ఖాయం. అవునా?"

"అవును. కానీ బుల్లియ్య గారు కూడా లేదనే రాశారు కదా. కావాలని తప్పు రాస్తే ఆయన కూడా..."

"జోడు చూపే చెల్లదన్నాక అందులో ఎవడేం రాశాడో నీకెందుకమ్మా? వాడి పుస్తకం తెరిచి చూడు. మార్గశిరం నుంచి ఏముంది?"

ఆమె తెరిచింది. వారం వారం ఒకే మాట. ఉంది. ఉంది. ఉంది. గుండ్రటి అక్షరాలు. వాడి రాత కూడా నా రాత కంటే బాగుంది.

షకీలమ్మ సొరుగులోంచి రెండు చీటీలూ తీసి చింపేసింది. నేను చెప్పింది కాగితం మీద రాసింది, చదివి వినిపించింది. సంతకం చేశాను.

"ఏలూరులో మీకు కూడా కళ్లు పెడతారు బాబాయ్. నేను రాసిస్తాను."

"బుల్లియ్య వేసుకున్న చొక్కా నేను తొడగను," అన్నాను. బయటికి వచ్చాక ఆలోచించాను. ఏలూరు ఎంతో దూరం లేదు. ఆ సంగతి ఇంకా తేల్చుకోలేదు.


మాఘ పౌర్ణమి

విత్తనాల మూటలతో జనమంతా లాకుల దగ్గరికి వచ్చారు. ప్రతి ఏడాది లాగే డప్పులు కూడా తెచ్చారు. నేను వెళ్లకూడదనుకున్నాను. పేరంటాలు చొక్కా తీసి చేతికిచ్చింది. వెళ్లాను.

షకీలమ్మ మెట్టు ఎక్కి చదివింది. తొమ్మిదో టవరు మీద ఎర్రకాళ్ల కొంగ గూడు ఉంది, పిల్లలు ఎగిరేదాకా లాకులు ఎత్తరు, సుమారు నలభై రోజులు పట్టవచ్చు. చూసినవారు తూర్పు గట్టు చూపరి బుల్లియ్య. పడమటి గట్టుకు ప్రస్తుతం చూపరి లేడు.

డప్పులు ఆగిపోయాయి. తర్వాత గోల మొదలైంది.

"నలభై రోజులా? ఎండలు ముదిరాక వరి ఏం పండుద్ది?"

"ఒక్క కొంగ కోసమా?"

"ఓ బుల్లియ్యా, నీ కళ్లు పేలిపోనూ! ఆటిని ఎవడు సూడమన్నాడు నిన్ను?"

విత్తనాల మూట దించిన ఒక ముసలావిడ, పేరు సుబ్బులు, చెయ్యి తిప్పుతూ వాడి వంశమంతా తిట్టింది. బుల్లియ్య తల వంచుకుని నిలబడ్డాడు. వెనక వరసలో ఇద్దరు మాత్రం, నిజంగా వచ్చిందా, పిల్లలు కూడా ఉన్నాయా అని వాణ్ణే అడుగుతున్నారు. తిట్టేవాళ్లంతా వాడి వైపే. మెచ్చుకునేవాళ్లు కూడా వాడి వైపే. నేను రావి చెక్క మొద్దు మీద కూర్చుని ఉన్నాను. నా వైపు ఒక్కరు తిరగలేదు. ఒకడు నన్ను తోసుకుని ముందుకు వెళ్లి, "జరుగు తాతా" అన్నాడు.

పద్దెనిమిదేళ్లు ఈ లాకులు నా మాట మీద తెరుచుకున్నాయి, నా మాట మీద మూసుకున్నాయి. ఈ రోజు మూసుకున్నది కూడా నా మాట మీదే. కొంగను వాడికి వదిలేశాను. పేరును వదిలేశాను. తిట్లు కూడా వాడికేనా?

మొద్దు ఎక్కి నిలబడ్డాను.

"ఏయ్! లాకులు ఆపించింది వాడు కాదు. వాడు చీటీ మీద..." అనబోయి నాలుక కరుచుకున్నాను. షకీలమ్మ కళ్లు పెద్దవి చేసింది. "వాడు చూశాడు, అంతే! ఆఫీసుకు వెళ్లి లాకులు ఎత్తొద్దని సంతకం పెట్టింది నేను. పడమటి గట్టు నాంచారయ్యను. తిట్టేదేదో నన్ను తిట్టండి!"

సుబ్బులు నా వైపు తిరిగింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

"నువ్వా ముసలోడా!" అని మొదలుపెట్టింది.

జనమంతా తిరిగారు. బుల్లియ్యను వదిలేసి నా మొద్దు చుట్టూ చేరారు. నా ఇల్లు మునగాలన్నారు, నా డ్రమ్ములు పగలాలన్నారు, కొంగలన్నీ నా నెత్తి మీదే గూళ్లు పెట్టాలన్నారు. దూరంగా బుల్లియ్య నన్నే చూస్తున్నట్టున్నాడు. వాడి మొహం నాకు కనపడలేదు. గంటన్నర తిట్టారు. ఒక్కడు కూడా మళ్లీ వాడి వైపు తిరగలేదు.